మా మిలటరీ తాత చేత 71 యుద్ధం గురించి ఎలా చెప్పించాలి? మెడల్ ఒకటి పోయింది కూడా

సిక్కోలు పిల్ల

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, ఆర్మీలో చేశారు. మద్రాస్ సాపర్స్, అంటే ఆర్మీ ఇంజనీర్ల దళం, బెంగుళూరు సెంటరు. 1967లో చేరి 84లో నాయక్‌గా పెన్షన్ మీద వచ్చేశారు, తర్వాత ఒక బ్యాంకులో గార్డుగా చేసి అది కూడా రిటైరయ్యారు. ఇప్పుడు 78. ఊరు ఆముదాలవలస పక్కన. ఊళ్ళో అందరికీ ఆయన మిలటరీ తాత, కానీ నిజం చెప్పాలంటే ఊరికి ఆయన యుద్ధం వల్ల తెలీదు, క్యాంటీన్ రమ్ము వల్ల తెలుసు. పండగొస్తే చాలు దూరపు చుట్టాలు కూడా "ఏం మాఁవా బాగున్నావా" అని గుమ్మంలోకి వచ్చేస్తారు.

మొన్న సంక్రాంతికి ముందు సున్నాలేయించడానికి గదులు ఖాళీ చేస్తుంటే మంచం కిందనుంచి ఆయన నల్ల ట్రంకు పెట్టె బయటికి లాగాం. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. లోపల ఒక ఖాకీ స్వెట్టరు, డిశ్చార్జి బుక్కు, తుప్పు పట్టిన మగ్గు, ఇన్‌లాండు లెటర్ల కట్ట, ఒక గుండ్రటి మెడలు రిబ్బనుతో సహా. ఇంకో మెడల్ ఉండాలి, నక్షత్రంలా ఉండేదట, అది మా మామయ్య చిన్నప్పుడు కనుమ పండక్కి దూడ మెడలో కట్టాడట, దూడ సాయంత్రానికి ఇంటికొచ్చింది మెడల్ రాలేదు. అమ్మమ్మ ఇప్పటికీ ఆ విషయానికి మామయ్యని తిడుతుంది, తాత మాత్రం "పోనీలే, దూడకి బాగుంది" అంటారు.

నాకు 32 ఏళ్ళు, ఆయన 71 పాకిస్తాన్ యుద్ధంలో ఉన్నారని తెలుసు కానీ ఎక్కడ ఏం చేశారో ఒక్క ముక్క తెలీదని ఆ రోజే అర్థమైంది. అమ్మకీ తెలీదు. అడిగితే "ఏటి సేసినామే, నేల పొడుసుకుంటూ పోనాం, అంతే" అని టీవీ సౌండు పెంచేశారు. శకర్‌గఢ్ అన్న పేరు ఒక్కటి మాత్రం నోట్లోంచి వచ్చింది.

ఈ మధ్య మతిమరుపు మొదలైంది. మా బాబు పేరు బదులు మామయ్య పేరు పెట్టి పిలుస్తున్నారు. చెవులు ఎప్పట్నుంచో సరిగ్గా వినపడవు. అందుకే భయంగా ఉంది, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అని.

నా ప్రశ్నలు ఏంటంటే, ఆయన చేత ఎలా మాట్లాడించాలి, అసలు బలవంతం చెయ్యొచ్చా, పోయిన మెడలు మళ్ళీ ఇస్తారా, ఆయన ఏ యూనిట్లో ఏ సెక్టార్లో ఉన్నారో కాగితాల మీద ఎలా తెలుస్తుంది. బాబు స్కూల్లో రిపబ్లిక్ డేకి తాతని పిలుస్తామన్నారు, ఆయన రానన్నారు, అది ఇంకో గొడవ. ఇంకోటి, ఆయన ఎప్పుడూ పొలంలో గట్టు మీదే నడుస్తారు, దున్నిన చేలో అడుగు పెట్టరు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. దీనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందంటారా?

---

రికార్డాఫీసు బాబాయ్

అమ్మా, నేను ఆర్మీలో క్లర్కుగా 24 ఏళ్ళు చేశాను, అందులో కొన్నాళ్ళు ఒక రికార్డు ఆఫీసులో. కాబట్టి కాగితాల సంగతి నేను చెప్తాను, మాట్లాడించే సంగతి వేరేవాళ్ళు చెప్తారు.

ముందుగా ఆ డిశ్చార్జి బుక్కు ప్రతి పేజీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో. ఇవాళే. అందులో నంబరు, ఏ ట్రేడు, ఎప్పుడు చేరారు, ఏ మెడల్స్ వచ్చాయి అన్నీ ఉంటాయి. 71లో పడమర వైపు ఉన్నవాళ్ళకి పశ్చిమీ స్టార్, తూర్పు వైపు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ వైపు ఉన్నవాళ్ళకి పూర్వీ స్టార్ ఇచ్చారు. శకర్‌గఢ్ పడమర వైపు, పాకిస్తాన్‌లో ఉంది, ఆ పేరు అన్నారంటే పశ్చిమీ స్టార్, దూడకి కట్టింది అదే అయ్యుంటుంది. గుండ్రంగా ఉన్నది సంగ్రామ్ మెడల్ అయ్యుండాలి. దాన్ని చేతిలోకి తీసుకుని అంచు చుట్టూ వెలుతురుకి తిప్పి చూడు, నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. చాలామందికి ఈ సంగతి తెలీక మెడలు ఎవరిదో ఏంటో అనుకుని పాత సామాన్లలో వేసేస్తారు. ఇవి కాక 72 ఆగస్టు 15కి సర్వీసులో ఉన్నారు కాబట్టి స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళయిన సందర్భంగా ఇచ్చిన మెడల్ కూడా ఆయనకి రావాలి, బుక్కులో రాసి ఉందేమో చూడు.

పోయినదానికి డూప్లికేటు కోసం అప్లికేషన్ పెట్టుకోవచ్చు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళు, శ్రీకాకుళంలో ఉంటుంది, అక్కడ రాసిచ్చి పంపిస్తారు, మద్రాస్ సాపర్స్ రికార్డ్స్ బెంగుళూరులోనే. టైమ్ పడుతుంది, తొందరపడి బజారులో ఆర్మీ షాపుల్లో దొరికే నకలు కొనకు. చూడ్డానికి అలాగే ఉంటుంది, మీద పేరు చెక్కి ఉండదు అంతే తేడా. ఆయన మొదట చూసేది పేరే.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు అడగలేదు కానీ నేను చెప్తున్నా. మెడల్ కంటే ముందు పీపీవో, అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్, తియ్యి. అందులో మీ అమ్మమ్మ పేరు, పుట్టిన తేదీ ఉన్నాయా, ఉంటే ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా చూడు. ఆ రోజుల్లో పెళ్ళయ్యాక యూనిట్లో పార్ట్ టూ ఆర్డర్ (భార్య పేరు రికార్డుల్లో ఎక్కించే ఆర్డరు) చేయించుకోవాలి, కొందరు చేయించుకోలేదు, కొందరికి ఉత్తరాది క్లర్కు మన పేరు వినపడినట్టు రాసేశాడు. పెద్దాయన ఉన్నన్నాళ్ళు ఎవరూ పట్టించుకోరు. ఆయన పోయాక ఆ ముసలావిడ ఫ్యామిలీ పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం నా కళ్ళారా చూశాను, ఒక్క అక్షరం కోసం. ఆయన బతికుండగా ఆయన సంతకంతో సరిచేయించడం చాలా తేలిక.

చెవుల సంగతి, ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం, దాని కార్డు ఉందా? 2003లో మొదలైంది ఆ స్కీము, అంతకుముందు రిటైరైనవాళ్ళలో చాలామంది తీసుకోలేదు. దాని కింద హియరింగ్ ఎయిడ్ వస్తుంది. వినపడని మనిషిని యుద్ధం గురించి అడిగితే ఏం చెప్తాడమ్మా, ముందు వినపడేలా చెయ్యి.

---

గూడెం కుర్రాడు

మాది తాడేపల్లిగూడెం. పక్కనే మాధవరం, అందరూ మిలటరీ మాధవరం అంటారు, తెలిసే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం దగ్గర్నుంచి ఆ ఊరి నుంచి పట్టాళానికి వెళ్తూనే ఉన్నారు, రెండో యుద్ధానికైతే వెయ్యి మందికి పైనే వెళ్ళారని చెప్తారు. అక్కడ ఇంటికొకరు ఆర్మీ అంటే గొప్పకి చెప్పేది కాదు, మనింట్లో ఇంజనీరింగ్ చదివినట్టు అక్కడ అది.

నేను చెప్పొచ్చేది మా ముత్తాత గురించి. మాది మాధవరం కాదు కానీ ఆ గాలికే ఆయన కూడా వెళ్ళాడు, 1942లో, బర్మా. తిరిగొచ్చాడు. నేను ఆరో క్లాసులో ఉండగా పోయాడు. నాకు గుర్తున్నవి రెండే. ఒకటి, ఆయన అన్నం తినేటప్పుడు చెయ్యి కంచానికి అడ్డం పెట్టుకుని తినేవాడు, ఎవరో లాక్కుంటారేమో అన్నట్టు. రెండు, వాన పడుతుంటే చెప్పులు ఇంట్లోకి తెచ్చి తుడిచి మంచం కింద పెట్టుకునేవాడు, మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడు బర్మా గురించి చదివితే ఆ వానలు, బురద, తిండి లేకపోవడం, ఆ చెప్పులు ఎందుకో అర్థమైంది, కానీ అడగడానికి మనిషి లేడు కదా. ఏ కంపెనీ, ఏ ఊరు, ఎవరితో, ఏమీ తెలీదు. కాగితం ఒక్కటి లేదు, వరదల్లో పోయింది అంటారు, ఏ వరదో కూడా తెలీదు.

ఇంకో బాధేంటంటే చచ్చిపోయినవాళ్ళ పేర్లయితే దొరుకుతాయి. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో స్మారకం ఉంది, సమాధి లేని 27 వేల మంది పేర్లు రాళ్ళ మీద చెక్కారు, చాలావరకు మన ఇండియన్ ఆర్మీ వాళ్ళే, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ సైట్లో పేరు కొట్టి వెతకొచ్చు. ఢిల్లీలో 2019లో కట్టిన నేషనల్ వార్ మెమోరియల్‌లో కూడా పోయినవాళ్ళ పేర్లే ఇటుక ఇటుకకీ ఉంటాయి. బతికొచ్చినవాడి పేరు ఎక్కడుంటుంది? ట్రంకు పెట్టె మూత మీద ఉంటుంది. మీకు పెట్టె ఉంది, మనిషీ ఉన్నాడు. బలవంతం చెయ్యొచ్చా అని అడుగుతున్నారు, నేనైతే చేస్తానండి.

---

ఎండలో కుర్చీ

పైన ఆయన బలవంతం చేస్తానన్నాడు, నేను ఒప్పుకోను. మా నాన్న 65లోనూ 71లోనూ ఉన్నాడు. ఒక స్కూలు వాళ్ళు బతిమాలితే ఆగస్టు 15కి తీసుకెళ్ళాను. ఎనిమిదింటికి రమ్మన్నారు, ముఖ్య అతిథి గారు పదింటికి వచ్చారు. షామియానా అతిథులకి, మా నాన్న కుర్చీ ఎండలో. తర్వాత నలుగురు నాయకులు గంటసేపు దేశభక్తి మీద మాట్లాడారు, వాళ్ళలో ఒకాయన 65ని 62 అన్నాడు, చైనా అన్నాడు, మా నాన్న నా వైపు చూసి ఊరుకున్నాడు. చివర్లో శాలువా కప్పి ఫోటో దిగి మైకు ఇవ్వకుండానే పంపించేశారు, టైమ్ అయిపోయిందట. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ "ఇంకెప్పుడూ తీసుకెళ్ళకురా" అన్నాడు. బూట్లు ముందు రోజు రాత్రి గంటసేపు పాలిష్ చేసుకున్నాడు ఆయన.

కాబట్టి మీ తాత రానన్నాడంటే కారణం ఉంటుంది. గొడవ పెట్టుకోకండి. డిసెంబరు 16, 71 యుద్ధం గెలిచిన రోజు, వస్తే వాట్సాప్ నిండా పోస్టులు, 17న ఎవరికీ గుర్తుండదు.

---

సిక్కోలు పిల్ల

బాబాయ్ గారూ చాలా థాంక్స్, పీపీవో అన్న మాటే నేను మొదటిసారి వింటున్నా. మామయ్యకి ఫోన్ చేసి వెతకమన్నా.

ఎండలో కుర్చీ గారూ, సారీ అండి, చదువుతుంటే కడుపులో తిప్పినట్టయింది. స్కూలుకి వద్దని చెప్పేశా.

---

బీచ్‌రోడ్డు భాను

నేను వైజాగ్. యుద్ధం గురించి అడిగితే మగాళ్ళు చెప్పరు, ఊరు గురించి అడగండి, చెప్తారు. నా అనుభవం అది.

మా నాన్న పోర్టులో పనిచేసేవాడు, సైనికుడు కాదు, కానీ 71 డిసెంబరు గురించి బోలెడు చెప్పేవాడు. కిటికీలకి నల్ల కాగితాలు, బళ్ళ హెడ్‌లైట్లకి సగం నల్ల రంగు, సిగరెట్టు ముట్టించినా వీధిలోంచి ఎవడో అరిచేవాడట. 3వ తారీఖు రాత్రి దాటి 4 వచ్చాక సముద్రం మీంచి పెద్ద మోత, ఇంట్లో గిన్నెలు కదిలాయట. తెల్లారాక జాలర్లకి తేలుతున్న సామాన్లు దొరికాక ఊరికి తెలిసింది, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన గుమ్మంలోనే మునిగిందని. అది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది, విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు ఉంది. ఘాజీ ఎలా పేలిందన్నదాని మీద మనవాళ్ళ మాట వేరు, వాళ్ళ మాట వేరు, మన నేవీ రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ ఛార్జీల (నీళ్ళలోపల పేలే బాంబుల) వల్ల అంటుంది, వాళ్ళు లోపలే పేలిందంటారు. అందులో 90 మందికి పైగా ఉన్నారు, ఎవరూ బతకలేదు. మా నాన్న విజయం గురించి ఎంత ఉత్సాహంగా చెప్పినా ఈ చివరి మాట దగ్గర గొంతు తగ్గించేవాడు, "పాపం వాళ్ళూ ఉద్యోగానికొచ్చినోళ్ళే కదా" అని.

ఒక పని చెయ్యండి, తాతని ఒకసారి వైజాగ్ తీసుకురండి. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్థూపం, కొంచెం పక్కనే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం. కురుసుర కూడా 71లో పనిచేసిందే, అరేబియా సముద్రం వైపు. లోపల మనకి చూపించే గైడ్లు రిటైరైన నేవీ వాళ్ళు. నేను ఒకసారి మా మామగారిని తీసుకెళ్ళా, ఆయన ఎయిర్‌ఫోర్స్, ఇంట్లో నోరు తెరవని మనిషి ఆ గైడుతో ముప్పావుగంట మాట్లాడాడు, వెనకాల లైను ఆగిపోయింది, మా ఆవిడ సిగ్గుపడి బయటికి వెళ్ళిపోయింది. ఇంకో ఫౌజీ కనపడితే చాలు వీళ్ళకి. మీ ఊరి చుట్టుపక్కల మాజీ సైనికులు ఉండే ఉంటారు, సిక్కోలు జిల్లాలో కొదవేముంది, ఒకాయన్ని టీకి పిలిచి మీరు పక్కన కూర్చోండి చాలు.

---

డల్లాస్ నుంచి రాంబాబు

ఇక్కడ అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళది వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్ అని ఒకటుంది, 2000లో మొదలుపెట్టారు. వాళ్ళ దేశం సైనికులకే అనుకోండి, మనవాళ్ళకి పనికిరాదు, కానీ పద్ధతి మాత్రం కాపీ కొట్టొచ్చు. ఇంటర్వ్యూ ఎవరైనా చెయ్యొచ్చు, మనవడైనా పక్కింటివాడైనా, కనీసం అరగంట రికార్డింగు ఉండాలి, ఎడిట్ చెయ్యకూడదు. మా పక్కింట్లో వియత్నాం యుద్ధంలో చేసిన ఒక ముసలాయన ఉంటే మా అబ్బాయి స్కౌట్స్ కోసం చేశాడు, నేను కెమెరా పట్టుకున్నా.

అక్కడ నేర్చుకున్నది చెప్తా. యుద్ధంతో మొదలెట్టకూడదు. "మీరు చేరిన రోజు ఇంట్లోంచి ఎలా బయల్దేరారు, ఎవరు స్టేషన్‌కి వచ్చారు, జేబులో ఎంతుంది" అక్కడ మొదలెట్టాలి. తర్వాత ట్రైనింగులో తిండి, హిందీ రాక పడ్డ పాట్లు, మొదటి జీతం, మొదటి లీవు. చేతిలో ఏదో ఒక వస్తువు పెట్టాలి, మీ దగ్గర మగ్గు ఉందిగా, అది బంగారం. యుద్ధం దానంతటదే వస్తుంది, రాకపోతే రాలేదు. "ఎంతమందిని చంపారు" అన్నది మాత్రం ఎవర్నీ అడగనివ్వకండి, ముఖ్యంగా పిల్లల్ని. పిల్లలు మొదట అడిగేది అదే. మా వాడు అడిగేశాడు, ఆయన లేచి వెళ్ళి కాఫీ పెట్టుకుని వచ్చాడు, అంతే ఆ రోజుకి.

ఫోన్ ఎదురుగా స్టాండులో పెట్టి కూర్చోబెడితే కోర్టులో సాక్ష్యంలా బిగుసుకుపోతారు. వీడియో వద్దు, ఆడియో పెట్టి ఫోన్ బోర్లా పడెయ్యండి. చెప్పి పెట్టండి కానీ, దొంగతనంగా వద్దు. ఫ్యాన్ ఆపండి, లేకపోతే తర్వాత ఫ్యానే వినపడుద్ది.

ఆ గట్టు మీద నడవడం నూటికి నూరు పాళ్ళూ మైన్ల (మందుపాతరల) వల్లే అని నా అనుమానం. సాపర్లు కదా, శకర్‌గఢ్ అంటే మొత్తం మైన్‌ఫీల్డులే. బసంతర్ నది దగ్గర టాంకులకి దారి చేసింది వాళ్ళే, టాంకు ఆఫీసర్ అరుణ్ ఖేతర్‌పాల్ కి పరమవీర చక్ర వచ్చిన యుద్ధం అది, డిసెంబరు 16 అతను పోయాడు, 21 ఏళ్ళు. ఖేతర్‌పాల్ పేరు అందరికీ తెలుసు, ఆ టాంకు అక్కడిదాకా వెళ్ళడానికి నేల మీద బోర్లా పడుకుని మైన్లు తీసినవాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు చెప్పండి.

---

లలిత_నెల్లూరు

అందరూ తాత తాత అంటున్నారు, అమ్మమ్మని ఎవరైనా అడిగారా? మా అత్తగారు చెప్పేది, 71లో లీవులన్నీ రద్దయ్యాయి, ఉత్తరాలు ఆగిపోయాయి, ఎర్ర సైకిలు మీద పోస్ట్‌మాన్ వీధి మలుపు తిరిగితే ఇంట్లో ఆడవాళ్ళంతా తలుపు వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళట, టెలిగ్రాం అని భయం. పోస్ట్‌మాన్‌కి కూడా తెలుసు, అందుకే దూరం నుంచే "ఉత్తరమేనమ్మా ఉత్తరమే" అని అరుచుకుంటూ వచ్చేవాడట. ఇది ఏ చరిత్ర పుస్తకంలో ఉంటుంది. మీ అమ్మమ్మ ఆ ఇన్‌లాండు లెటర్ల కట్ట ఇన్నేళ్ళు ఎందుకు దాచింది, ముందు ఆవిణ్ణి అడగండి తల్లీ.

---

సిక్కోలు పిల్ల

అప్‌డేట్. మూడు వారాలైంది, లేటుకి సారీ, ఊరెళ్ళి పది రోజులు ఉండి వచ్చా.

ముందు మెడలు. బాబాయ్ గారు చెప్పినట్టు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూశా, అంచు మీద సన్నగా అక్షరాలు. చింతపండుతో తోమబోతుంటే తాత లాక్కున్నారు, "తోమితే పేరు పోద్ది" అని. నేను నంబరు చదవడానికి కళ్ళు చిట్లించుకుంటుంటే ఆయన కుర్చీలోంచే నంబరు, ర్యాంకు, పేరు హిందీలో గబగబా ఒక్క ఊపిరిలో చెప్పేశారు, ఒక్క అంకె తప్పు లేదు. అదే పొద్దున మా బాబుని రెండుసార్లు మామయ్య పేరుతో పిలిచారు.

హియరింగ్ ఎయిడ్ ఇంకా రాలేదు, ఈసీహెచ్ఎస్ కార్డు ఉంది కానీ ఎప్పుడూ వాడలేదు. అందుకని ఎడమ చెవి వైపు కూర్చుని మాట్లాడా, అది కొంచెం నయం. రాంబాబు గారి ఐడియా ప్రకారం మగ్గుతో మొదలెట్టా. "తాతా దీంట్లో ఏం తాగేవాళ్ళు" అంటే "ఏటి తాగుతాం, టీ. దాడీ కూడా ఇందులోనే గీసుకునేవోళ్ళం" అన్నారు. అక్కడ్నుంచి పారుతూనే ఉంది. ఆముదాలవలస స్టేషన్లో రైలెక్కినప్పుడు వాళ్ళమ్మ చెంగుకి కట్టిచ్చిన జంతికలు, బెంగుళూరులో అందరూ ఒకర్నొకరు తంబి తంబి అనడం, ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చేవాడు) తిట్టే తిట్లు అర్థం కాక నవ్వితే గ్రౌండు చుట్టూ పరిగెత్తించడం. యుద్ధంలో లంగరు, అంటే ఆర్మీ వంటశాల, వెనకబడిపోతే రెండు రోజులు శక్కర్‌పారేలు అనే తీపి బిళ్ళలు నమిలారట, ఇప్పటికీ తీపి తినకపోవడానికి కారణం షుగర్ కాదన్నమాట.

మైన్ల గురించి నేను అడగలేదు. నాలుగో రోజు సాయంత్రం ఆయనే వరండా గచ్చు మీద బోర్లా పడుకున్నారు, నేను పడిపోయారనుకుని అరిచా. కాదు, చూపిస్తున్నారట. చేతిలో నా గోళ్ళరంగు డబ్బా పక్కనున్న స్కేలు. దాన్ని నిటారుగా పొడవకూడదు, పైనుంచి బరువు పడితే పేలుద్ది, ఇలా ఏటవాలుగా పక్కనుంచి మెల్లిగా గుచ్చుకుంటూ పోవాలి, గట్టిగా తగిలితే ఆగాలి, చేత్తో మట్టి తియ్యాలి. ఒక జాన ముందుకి, మళ్ళీ గుచ్చు. వెనకాల ఇంకొకడు తెల్ల టేపు పరుచుకుంటూ వస్తాడు. చలికి వేళ్ళు ఆడవు, పొగమంచుకి టేపు కూడా కనపడదు. "మా పని అవ్వనేలేదు, టాంకులు వచ్చేసినాయి" అన్నారు. "ఆగమన్నాం. ముందర మనోళ్ళు ఉన్నారు, ఆగడానికి లేదన్నారు. పక్కకి దొర్లినాం. టాంకులెళ్ళిపోనాయి." ఆ తర్వాత కాసేపు గచ్చు మీదే ఉండిపోయారు. లేపి కూర్చోబెట్టాం. నేను తర్వాత ఏమైందని అడగలేదు. ఆయన జోడీ ఒకతను ఉండేవాడట, తమిళ అబ్బాయి, టేపు పట్టుకునేవాడు, ఆ పేరు ఒక్కసారి చెప్పారు మళ్ళీ చెప్పలేదు. నేనూ ఇక్కడ రాయను.

అన్నట్టు రాంబాబు గారూ, గట్టు సంగతి. మీరు నూటికి నూరు పాళ్ళూ అన్నారు కదా, నేనూ అదే అనుకుని పెద్ద రహస్యం కనిపెట్టినట్టు అడిగా. ఆయన పగలబడి నవ్వారు. "పావులే గుంటా! మైను ఎతికితే దొరుకుద్ది, పావు దొరుకుద్దేటి?" అన్నారు. చిన్నప్పుడు చేలో పాము కాటేస్తే చచ్చి బతికారట, యుద్ధానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

లలిత గారూ, మీ మాట విని అమ్మమ్మని అడిగా. పెళ్ళయి ఏడు నెలలప్పుడు యుద్ధం. ఆ కట్టలో 71 డిసెంబరు ఉత్తరం ఒకటి ఉంది, యుద్ధం అయిపోయాక రాసింది, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). నాలుగే లైన్లు. నేను క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను, ఆవు ఈనిందా, అమ్మకి మోకాలు ఎలా ఉంది. అంతే. అమ్మమ్మకి అప్పుడు చదవడం రాదు, పక్కింటి మాస్టారు చదివి పెట్టారట. "నాలుగు లైన్లని ఆయన చేత పదిసార్లు చదివించుకున్నాను, ఆఖరికి మాస్టారు విసుక్కున్నారు, ఇంక లాభం లేదని ఆ సంకురాత్రి నుంచే అక్షరాలు దిద్దడం మొదలెట్టినాను" అంది. ఇది మా అమ్మకి కూడా తెలీదు. వంటింట్లో కూర్చుని ముగ్గురం ఏడ్చాం, తాతకి వినపడలేదు.

రికార్డింగు మొత్తం ఐదు గంటల పైన వచ్చింది, సగం ఫ్యానే.

---

ఎండలో కుర్చీ

ఆవు ఈనిందా అని రాశాడా. మా నాన్న ఉత్తరాల్లోనూ గేదె గురించే ఉండేది. స్కూలుకి తీసుకెళ్ళనందుకు థాంక్స్ అమ్మా.

---

గూడెం కుర్రాడు

ఆ జోడీ పేరు, ఊరు తాత దగ్గర ఇంకోసారి మెల్లిగా అడిగి రాసి పెట్టుకోండి, ఇక్కడ రాయొద్దు, మీ దగ్గర ఉంచుకోండి. అక్కడ పోయి ఉంటే ఢిల్లీ మెమోరియల్‌లో ఉంటుంది. తాతకి ఫోటో తెచ్చి చూపించొచ్చు.

---

రికార్డాఫీసు బాబాయ్

అన్నీ రాశావు బాగుంది. పీపీవో సంగతి రాయలేదు.

---

సిక్కోలు పిల్ల

అయ్యో మర్చిపోయా బాబాయ్ గారూ. దొరికింది, మీరన్నట్టే అయింది. ఆధార్‌లో అమ్మమ్మ పేరు చివర అమ్మ ఉంది, పీపీవోలో లేదు, పుట్టిన సంవత్సరం కూడా రెండేళ్ళు తేడా. సోమవారం తాతనీ అమ్మమ్మనీ తీసుకుని శ్రీకాకుళం వెళ్తున్నాం, మెడల్ అప్లికేషన్ కూడా అక్కడే ఇచ్చేద్దామని. ఇంకేం కాగితాలు పట్టుకెళ్ళమంటారు?

---

రికార్డాఫీసు బాబాయ్

డిశ్చార్జి బుక్కు, పీపీవో, ఇద్దరి ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కు, జాయింటు ఫోటోలు నాలుగు. అన్నీ రెండేసి జిరాక్సులు. పొద్దున్నే వెళ్ళండి, పెద్దాయన్ని ఎండలో కూర్చోబెట్టకండి.